హబషీ చేతి ముద్ద

దుబాయ్‌లో నా మొదటి పని ఇళ్ళు కట్టడం కాదు, కూల్చడం. ఈ ఊరికి వచ్చిన ప్రతివాడూ మేం కట్టాం, మేం లేపాం అని చెప్పుకుంటాడు. నేను పడగొట్టాను. డేరాలో అప్పట్లో పగడపు రాయితో, సున్నంతో కట్టిన పాత ఇళ్ళు వరసగా ఉండేవి. వాటి మిద్దె విప్పితే మట్టి కింద ఈతచాపలు, చాపల కింద నల్లగా, గుండ్రంగా, నున్నటి వాసాలు. చెదలు ముట్టని కర్ర. దాన్ని చందల్ అనేవాళ్ళు. ఏ ఇంట్లో చూసినా గదుల వెడల్పు ఒకటే. ఇదేదో వీళ్ళ వాస్తు కాబోలని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ కర్ర పొడవే అంత. గది ఎంత ఉండాలో ఇక్కడి మేస్త్రీ చేతిలో లేదు, సముద్రానికి అవతల ఉప్పు బురదలో పెరిగిన చెట్టు చేతిలో ఉంది.

మా పని చూసే ముదీర్ ఒక ముసలి అరబ్బు. నాకంటే నలుపు. ఉంగరాల జుట్టు తలగుడ్డ కింద తెల్లబడింది. ఈ కర్ర ఎక్కడిదని అడిగితే దక్షిణం వైపు చెయ్యి చూపించి "సవాహిల్" అన్నాడు. అంటే ఆఫ్రికా తూర్పు తీరం. చలికాలపు గాలికి పడవలు ఇక్కణ్ణుంచి ఖర్జూరం వేసుకుని పోయేవట, గాలి తిరిగాక కర్ర వేసుకుని వచ్చేవట. "మా అమ్మమ్మా ఆ పడవలోనే వచ్చింది," అన్నాడు. ఎందుకొచ్చింది అని అడిగాను, వెర్రివాణ్ణి. అతను వాసం మీద చెయ్యి పెట్టి, "ఇది ఎందుకొచ్చింది?" అని నన్నే అడిగాడు.

నా చదువు అక్కడ మొదలైంది. జగిత్యాల వైపు పల్లెలో ఏడో తరగతితో బడి వదిలినవాణ్ణి, మళ్ళీ అక్షరాల్లో పడ్డది ఆ ఒక్క ప్రశ్న వల్ల. కూల్చే పని అయిపోయాక సత్వాలో పాత సామాన్ల దుకాణంలో కుదిరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కొలువు అయిపోయి దేశం వదిలిపోయే దొరలు సోఫాలు, మంచాలు, అల్మారాలు మాకు అమ్మేసి పోతారు. వాటితోపాటు పుస్తకాల డబ్బాలూ ఊరికే వస్తాయి. మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, అవి చెత్త. నాకు అవే బడి, అవే కాలేజీ. ఇంగ్లీషు నిఘంటువు ఒక మోకాలి మీద, అట్లాసు ఇంకో మోకాలి మీద పెట్టుకుని, గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ అలాగే గడిపాను.

చదివినకొద్దీ నాకు కోపం పెరిగింది. జ్ఞానం వస్తే శాంతి వస్తుందని ఎవరు చెప్పారో గాని అబద్ధం చెప్పారు. మన దేశం లాంటివి తొమ్మిది పట్టే నేలను మనవాళ్ళు ఒక ఊరి పేరులా పలుకుతారు. "వాడు ఆఫ్రికావాడు" అంటారు, అయిపోయింది. నైలు నది పుట్టిన కొండలవాడూ, ఇసుకలో ఒంటెలు తోలేవాడూ, సముద్రం ఒడ్డున లవంగం ఆరబోసుకునేవాడూ వీళ్ళకు ఒకటే. పొద్దున్నే జొన్నరొట్టె తింటారు. ఆ జొన్న అక్కడిది. సజ్జలూ రాగులూ అక్కడివే. అలసందలు, ఆముదం అక్కడివే. ఆఖరికి పులుసులో పిండే చింతపండు కూడా. అరబ్బులు దానికి 'హింద్' అని మన పేరు తగిలించారు గాని చెట్టు మాత్రం ఆ నేలదే. ఇవన్నీ తిని, మూతి తుడుచుకుని, "వాళ్ళకేం తెలుసు, అడవి మనుషులు" అంటారు. నేను ఇది ఎన్నిసార్లు చెప్పానో! విన్నవాళ్ళు నవ్వారు, నవ్వనివాళ్ళు ఫోను చూసుకున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది కరోనా రెండో ఏడు ఎండాకాలం సంగతి.

మా దుకాణంలో సామాను మోయడానికి ఆ మధ్య ఒకతను కొత్తగా చేరాడు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద చిన్న శిలువ పచ్చబొట్టు. డేరాలో ఏదో హోటల్లో కాపలా ఉద్యోగం చేసేవాడు. కరోనాకు హోటలు మూతపడింది, అతను రోడ్డున పడ్డాడు. మొదటిరోజే నా బల్లమీద అట్లాసు చూసి వంగాడు. ఇథియోపియా పేజీ తిప్పి ఉత్తరాన కొండల మీద వేలు పెట్టి చాలాసేపు వెతికాడు. అతని ఊరు అందులో లేదు. "చిన్న పుస్తకం బాబా," అన్నాడు. ఇక్కడ తల నెరిసిన ప్రతివాడినీ బాబా అనే అంటారు. తిగ్రాయ్ అనే ఆ ఉత్తరపు సీమవాడు. మీరు మిమ్మల్ని ఏమని చెప్పుకుంటారు అని అడిగితే ఛాతీ మీద చెయ్యి వేసుకుని "హబెషా" అన్నాడు.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవడైనా నల్లగా, మొద్దుగా ఉంటే హబ్షీగాడా అని తిట్టేవాళ్ళు. అది తిట్టు అనే అందరికీ తెలుసు. ఇతను దాన్ని కిరీటంలా పెట్టుకున్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు, అంత సంతోషమూ, అంత సిగ్గూ వేసింది.

అతనికి వచ్చిన కష్టం వాసం విరిగినట్టు వచ్చింది. కిందటి చలికాలంలో వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైంది, అదీ అతని సీమ మీదే. ఫోన్లు తెగిపోయాయి. తల్లి ఉందో లేదో తెలియదు. డేరాలో అతను ఉండే గదిలో అందరూ ఒకే దేశం వాళ్ళు, ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. యుద్ధం వచ్చాక గదిలో మిగతా సీమలవాళ్ళంతా ఒకవైపు, ఇతనొక్కడూ ఒకవైపు అయ్యాడు. ఒకరోజు వచ్చేసరికి ఇతనికి అన్నం విడిగా చిన్న గిన్నెలో పెట్టి ఉంచారట. "అప్పుడే అర్థమైంది, వెళ్ళిపొమ్మన్నారని," అన్నాడు. నోటితో ఎవరూ ఏమీ అనలేదు.

అప్పటినుంచి అతనికి పడుకోను చోటు లేదు. ఒకరోజు పార్కు, ఒకరోజు తెలిసినవాడి కారు. ఆ ఎండల్లో! దుకాణంలో మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కఫీల్‌ను అడిగాను. దుకాణంలో మనిషి పడుకున్నాడని తెలిస్తే మున్సిపాలిటీ బలదియా వాళ్ళు తాళం వేస్తారు, ఖలాస్, మళ్ళీ ఆ మాట ఎత్తకు అన్నాడు. ఆయన తప్పని కూడా అనలేను.

మా గదిలో మాత్రం ఒక మంచం ఖాళీగా ఉంది.

సత్వాలో పాత ఇంటిని చెక్కలతో అరలు చేసి అద్దెకిస్తారు. మా అరలో రెండంతస్తుల ఇనుప మంచాలు, అందరం తెలుగువాళ్ళమే. అందులో ఒకడు పెళ్ళికని ఊరికి పోయాడు. ఇంతలో అక్కడ కరోనా రెండోసారి విరుచుకుపడి ఇండియా నుంచి విమానాలు ఆగిపోయాయి. వాడు అక్కడే చిక్కుకుపోయాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. వాడొచ్చేదాకా ఇతను ఆ మంచం మీద ఉంటే ఎవరి సొమ్మేం పోతుంది? ఇదీ నా వాదన.

గదికి పెద్ద నిర్మల్ వైపు మనిషి, ఏసీలు బాగుచేసే మెకానిక్. నలభై దాటాయి. మంచివాడే. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసినవాడు. నా మాట వినగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కాకా, ఖాళీగుంటె ఉండనియ్యి. గా నల్లోడు మాత్రం వద్దే."

"మనమేమన్న తెల్లగున్నమారా?"

"గందుకే వద్దంటున్న. ఇప్పటికే అందరం గిట్లున్నం. ఇంకొకడొస్తె రూంల ట్యూబులైటు సాలది."

అందరూ నవ్వారు. కింది మంచం మీద కడప సాయిబు, సత్వా బజార్లో దర్జీ, సూది నోట్లో పెట్టుకునే నవ్వాడు.

"హైదరాబాదుల ఏసీ గార్డ్స్ సూసినవా?" అన్నాను గదిపెద్దతో.

"మా ఏసీలోళ్ళే గదా, ఎందుకు సూడలే."

"నీ మొకం. నిజాముకు ఆఫ్రికా గుర్రపు దండుండె. గా దండు ఉన్న జాగనే గది. గా ఔరంగాబాదు ఊరు నిలవెట్టినోడు హబషీ. సిన్నప్పుడు బానిసగ అమ్ముడువొయ్యి, పెద్దగయి మొగల్ ఫౌజును ముప్పుతిప్పలు వెట్టిండు. మన దక్కను చరిత్రల సగం..."

"ఏం పెద్దాయనా, మళ్ళా నిజాము కాడికి పోతాండావా?" అన్నాడు సాయిబు. "ఆయప్పకు మంచం గావాల్నా, సింహాసనం గావాల్నా?"

మళ్ళీ నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. ఈ సత్వాలో కరెంటు స్తంభాల మీద అంటించే కాగితాలు చూస్తూ ఉంటాను: మలయాళీలకు మాత్రమే, ఫిలిప్పీనో ఆడవాళ్ళకు మాత్రమే, పంజాబీలకు మాత్రమే. ఎవడికీ ఇంకొకడి పక్కన నిద్ర పట్టదు. స్తంభాలకున్నంత ఓపిక నాకు లేదు. గట్టిగా అరిచాను. నా మొండితనానికి విసిగిపోయి గదిపెద్ద చివరకు దిగొచ్చాడు.

"సరే కాకా. మన రివాజు ఉన్నది గదా. శుక్రారం తిండికి పిలువు. సూద్దం."

మా గదిలో అదొక ఆచారం. కొత్తవాడు ఎవడైనా సరే, సెలవురోజు మధ్యాహ్నం వచ్చి అందరితో కలిసి తినాలి. తిండిదగ్గర మనిషి బయటపడతాడని మావాళ్ళ నమ్మకం. పెళ్ళిచూపుల్లాగే ఉంటుంది. ఏ ఊరు, ఎవరోళ్ళు, తాగుతాడా, గురక పెడతాడా, అన్నీ అక్కడే తేలతాయి.

ఆ శుక్రవారం గురించి చెప్పేముందు గదిపెద్ద సంగతి ఒకటి చెప్పాలి. అంతకుముందు నెలలోనే అతని అన్న ఊళ్ళో కరోనాతో పోయాడు. తండ్రి పోయాక తమ్ముళ్ళను పెంచిన అన్న. విమానాలు లేవు, పోలేకపోయాడు. ఫోనులోనే చూశాడు. మా అందరి ముందే, మంచం మీద కూర్చుని, అరచేతిలో చితి మండుతుంటే చూశాడు. ఆ తర్వాత అతను గ్లాసు కూడా ఎవరిదీ ముట్టేవాడు కాదు. తన చెంచా, తన పళ్ళెం తన దిండు పక్కనే పెట్టుకునేవాడు. నేనది గమనించాను. అది దుఃఖమనుకున్నాను. భయం కూడానని అనుకోలేదు.

శుక్రవారం ఆ తిగ్రాయ్ అతను వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. చేతిలో గుడ్డ మూట, చిన్న గిన్నె. డేరాలో వాళ్ళ దేశపు ఆవిడ ఒకామె వండి అమ్ముతుంది, ఆమె దగ్గర కొనుక్కొచ్చాడు. మూటలో ఇంజెర. పులియబెట్టిన పిండితో పెనం మీద పోస్తారు, మన దోశకు పెద్దక్కలా ఉంటుంది, మెత్తగా, అంతా చిల్లులు. రాగిపిండితో కూడా పోస్తారట. గిన్నెలో శనగపిండి ఉడికించి కారం వేసిన కూర.

నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. మావాళ్ళు మటన్ వండారు, పచ్చిపులుసు చేశారు. గదిపెద్ద తన పళ్ళెంతో కొంచెం ఎడంగా కూర్చున్నాడు. వచ్చినతనికి మటన్ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, శుక్రవారం ఉపవాసం, మాంసం, పాలు, నెయ్యి ఏవీ ముట్టనన్నాడు.

"అరె, శుక్రారం ఒక్కపొద్దా?" అన్నాడు గదిపెద్ద, హిందీలో అడిగి, మళ్ళీ మావైపు తిరిగి. "మా అవ్వ గూడ గింత నిష్ఠగ లేకుండె. కాకా, నువ్వేమో రెండు బొక్కలు ఎక్కువ్వెయ్యిమంటవ్, నువ్వు తెచ్చినోడేమో పంతులు."

"బుధవారం గూడానంట," అన్నాడు సాయిబు. "ఈయప్ప పక్కన పడుకుంటే మనకూ పుణ్యమొస్తాదేమో చూడాల."

పచ్చిపులుసు పోశారు. అతను ఒక గుటక తాగి ఆగాడు. మళ్ళీ గిన్నె చాపాడు. మూడోసారి చాపేసరికి గదిపెద్ద ముఖంలో ఏదో సడలింది. ఆ పచ్చిపులుసు చేసింది అతనే. వండినవాడికి అంతకంటే పెద్ద బిరుదేముంది?

తర్వాత ప్రశ్నలు. ఊరు? కొండల మీద. పంట? జొన్న, బార్లీ. జొన్న అనగానే నేను గదిపెద్దవైపు చూశాను, అతను చూపు తప్పించుకుని నవ్వాడు. తాగుతావా? పండగకు. పెళ్ళి? లేదు. ఇంట్లో ఎవరున్నారు? అమ్మ. ఫోను చేస్తావా? అతను చేతిలోని ముక్కను పళ్ళెంలో పెట్టేసి, లైన్లు తెగిపోయాయన్నాడు. ఫోను తెగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఏడాది మాలో ప్రతివాడికీ ఎంతోకొంత తెలుసు.

గదిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఠీక్ హై. కల్ సామాన్ లేకే ఆ జావ్," అన్నాడు. రేపు సామాను తెచ్చుకోమని.

అయిపోయింది. గెలిచాం. నా చరిత్ర కాదు, పచ్చిపులుసు గెలిపించింది, ఏదైతేనేం అనుకున్నాను.

అతని కళ్ళు మెరిశాయి. తర్వాత ఇంజెర ముక్క పెద్దది తుంచాడు, అదే చేత్తో, అప్పటిదాకా తింటున్న చేత్తో. దానిలో కూర పెట్టి బీడాలా మడిచాడు. మోకాళ్ళ మీద ముందుకు జరిగి, ఎడమచెయ్యి కింద పట్టి, ఆ ముద్దను గదిపెద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"గుర్షా," అన్నాడు.

గదిపెద్ద ఉలిక్కిపడి వెనక్కి వంగాడు. "నై నై భాయ్, నై," అని నవ్వబోయాడు.

అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. వాళ్ళ నేలమీద అది పద్ధతి. పెట్టించుకునేవాడు వద్దు వద్దు అనాలి. పెట్టేవాడు వదలకూడదు. వదిలితే మనసు లేనట్టు. ఎంత పెద్ద ముద్ద పెడితే అంత గౌరవం. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. రాజులు, దండులు, పడవలు, గాలులు, అన్నీ రాసిన పుస్తకాల్లో ఒక్కడూ ఇది రాయలేదు.

"నై బోలా నా!"

"గుర్షా, గుర్షా," అంటున్నాడు అతను నవ్వుతూ, బతిమాలుతూ. ముద్ద గదిపెద్ద పెదవులకు తగిలింది.

గదిపెద్ద ఆ చేతిని ఈడ్చి కొట్టాడు. ముద్ద గోడకు తగిలి జారింది. లేవబోతూ కాలు తగిలి పులుసు గిన్నె పేపర్ల మీద ఒలికింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్నానాల గదిలోకి పరుగెత్తాడు. లోపల నీళ్ళ చప్పుడు, పుక్కిలించే చప్పుడు, ఉమ్మే చప్పుడు. ఎంతసేపైనా ఆగలేదు.

అతను మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"మర్యాద జేస్తాండాడప్పా, అంతే," అన్నాడు సాయిబు మెల్లగా, ఎవరితోనో. "మా ఇండ్లల్లోనూ ఒకే పళ్ళెంలో తింటాం గదా."

"గట్టిగ చెప్పు మరి," అన్నాను. "నువ్వు తిను ఆ ముద్ద."

సాయిబు తన పళ్ళెంలోకి చూసుకున్నాడు.

గదిపెద్ద బయటికొచ్చాడు. పెదవులు సబ్బుతో తోమి ఎర్రబారాయి. ఉచ్ఛిష్టం, ఎంగిలి, కరోనా, అన్నీ కలిసి ఆ ముఖంలో ఉన్నాయి.

"పొమ్మను కాకా. ఇప్పుడే."

"గది వాళ్ళ మర్యాదరా. తెల్వక జేసిండు..."

"మా అన్న పాణం వోతుంటె నోట్ల ఇన్ని నీళ్ళు పొయ్యనీకి గూడ నేను లేను! ఎవడో దవఖానోడు పోసిండో, పొయ్యలేదో. నా నోట్ల వీడు చెయ్యి వెడ్తడా?"

దానికి ఏం చెప్పాలి? ఎవరైనా చెప్పండి. నేను మాత్రం చెప్పాను. ఆగలేని నోరు నాది. ఎంగిలి అంటూ మనుషుల్ని ఊరి బయట పెట్టిన బుద్ధి సముద్రం దాటినా పోలేదన్నాను. హబషీలు కాపలా కాయకపోతే నీ నవాబులు నిద్రపోయేవాళ్ళు కాదన్నాను.

"నీ నవాబుల్ని తీస్కపొయ్యి గా మంచంల పండవెట్టుకో," అన్నాడు గదిపెద్ద. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతను అప్పటికే నేల శుభ్రం చేస్తున్నాడు. గోడ కింద పడ్డ ముక్క తీసి, కళ్ళకద్దుకుని, మూటలో పెట్టుకున్నాడు. పులుసు పడ్డ పేపర్లు మడిచాడు. తలుపు దగ్గర గదిపెద్దవైపు వంగి ఏదో అన్నాడు, వాళ్ళ భాషలో.

బస్టాపు దాకా నడిచాం. ఎండకు రోడ్డు మెత్తబడింది. సగం దారిలో అతను అడిగాడు:

"నేనేం తప్పు చేశాను బాబా? అతను వద్దన్నాడు. మర్యాదస్థుడు వద్దనే కదా అంటాడు? మీ ఇళ్ళల్లో అడగ్గానే తినేస్తారా?"

మన ఇళ్ళల్లోనూ వద్దు వద్దనే అంటారు. చుట్టాలొస్తే విస్తరి మీద రెండుచేతులూ అడ్డం పెట్టేవాణ్ణి బతిమాలి, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే జాతి మనది. ఆ మాట చెప్పలేకపోయాను. చెబితే మరి ఎందుకు కొట్టాడని అడుగుతాడు. ఎంగిలి అంటే ఏమిటో నాకొచ్చిన హిందీలో చెప్పడానికి ప్రయత్నించాను. నోరు తగిలిన చెయ్యి, ఆ చెయ్యి తగిలిన అన్నం. అతను శ్రద్ధగా విన్నాడు.

"మా ఊళ్ళో పగవాళ్ళు రాజీపడితే ఒకరికొకరు పెట్టుకుంటారు," అన్నాడు. "ఆ తర్వాత కొట్టుకోకూడదు." మూట ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఇప్పుడు అక్కడ ఎవరు ఎవరికి పెడుతున్నారో," అన్నాడు. బస్సు వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకు దుకాణానికి రావడం మానేశాడు. ఫోను చేస్తే మోగేది, ఎత్తేవాడు కాదు. మా గదిలో ఆ మంచం మీదికి బియ్యం బస్తాలు, సూటుకేసులు ఎక్కాయి. విమానాలు మొదలై దాని సొంతదారు తిరిగొచ్చేదాకా అవే దాని మీద పడుకున్నాయి. నేను గది మారలేదు. ఎక్కడికి మారతాను? స్తంభం మీది ఏ కాగితమూ ఈ వయసువాణ్ణి పిలవదు. గదిపెద్ద వండింది తిన్నాను. మొదట్లో మాటల్లేవు, తర్వాత మామూలే అయింది. ఒకరోజు అతనే అడిగాడు: "గా పిలగాడు యాడున్నడో, ఏమన్న తెలిసెనా కాకా?" తెలియదన్నాను. "పాపం," అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ పాపం అన్న మాటకు నా కోపం ఇంకా ఎక్కువైంది, దాన్ని ఎవరిమీద పెట్టాలో మాత్రం తెలియలేదు.

చలికాలం వచ్చింది. డేరాలో ఒక ఫ్లాటుకు రెండంతస్తుల మంచం అమ్మాం. బిగించడానికి పానాలు పట్టుకుని నేనే వెళ్ళాను. మూడో అంతస్తు, ఇరుకు గది. లోపల ఏడెనిమిది మంది మగవాళ్ళు, చొక్కా విప్పి టీవీ చూస్తున్నారు. కాఫీ గింజలు వేయించిన పొగ. కిటికీ పక్కన అతను.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మనిషి బతికే ఉన్నాడు, తల మీద కప్పు ఉంది, మనుషుల మధ్య ఉన్నాడు. పానా కింద పడేసి, రెండు చేతులూ చాపి, "అరే తిగ్రాయ్! తిగ్రాయ్ బేటా!" అని అరిచాను.

అందరి తలలూ నావైపు కాదు, అతనివైపు తిరిగాయి.

అతను నన్ను చూశాడు. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, మంచం ముక్కలు పట్టుకోవడానికి సాయం వస్తున్నవాడిలా మెట్లమీదికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"ఆ మాట అనకు బాబా," అన్నాడు చాలా మెల్లగా. "వీళ్ళు ఎరిత్రియా వాళ్ళు. నేనూ అస్మారా వాణ్ణని చెప్పాను."

అట్లాసు చదివినవాణ్ణి కదా, నాకు విడమరచి చెప్పక్కర్లేదు. అస్మారా వాళ్ళ రాజధాని. వాళ్ళదీ ఇతనిదీ ఒకే భాష, యాస వేరు. మాట విని జిల్లా చెప్పేవాళ్ళం మనం, మనకు తెలియదా యాస సంగతి? ఆ యాస దాచడానికి అతను మాటలు తగ్గించాడట, నత్తి ఉన్నవాడనుకుంటున్నారట. ఆ యుద్ధంలో అతని ఊరి మీదికి దిగిన సైన్యాల్లో వీళ్ళ దేశపు సైన్యమూ ఉంది. టీవీలో ఆ వార్త వస్తే గదిలో కొందరు చప్పట్లు కొడతారట.

"నువ్వు?" అన్నాను.

అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"అమ్మ?"

తల అడ్డంగా ఊపాడు. తెలియదనో, లేదనో నేను అడగలేదు.

లోపలినుంచి ఎవరో అరబ్బీలో పిలిచారు. అతని చెయ్యి నా మోచేతిని పట్టుకుంది, గట్టిగా. "బాబా, ఈ మంచం పోతే ఇంక లేదు," అన్నాడు. "ఇక్కడికి మళ్ళీ రాకు. నువ్వు గట్టిగా మాట్లాడతావు."

నిజమే. జీవితమంతా గట్టిగానే మాట్లాడాను.

మేం లోపలికి వెళ్ళేసరికి టీవీ కట్టేసి ఉంది. అందరిలో పెద్దవాడు, చెవుల మీద నెరిసినవాడు, తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు. మర్యాదగానే అడిగాడు, హిందీలో: "బాబా, నువ్వు ఇతన్ని ఏమని పిలిచావు? ఇతను నీకు ఎక్కడ తెలుసు?"

అతను మంచం పట్టె చేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు.

నేను కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టుకుని అతని ముఖం దగ్గరికి వెళ్ళి చూశాను. తల కొట్టుకున్నాను.

"మాఫ్ కరో," అన్నాను. "మా దుకాణంలో ఒకడు పనిచేసేవాడు, వాడనుకున్నాను. ముసలివాణ్ణి. మీ నల్లవాళ్ళందరూ నాకు ఒకేలాగ కనిపిస్తారు."

వాళ్ళు నవ్వారు. పెద్దాయన నా భుజం తట్టాడు. ఇండియా మనుషులందరూ ఇంతే అన్నాడు పక్కవాడితో. ఎవరో టీవీ పెట్టారు, ఎవరో నా చేతిలో చిన్న కాఫీ గిన్నె పెట్టారు. చరిత్రా భూగోళమూ కలిపి నలభై ఏళ్ళు చెప్పాను, ఒక్కడు నమ్మలేదు. దీన్ని అందరూ నమ్మారు, వెంటనే.

అతను కూడా నవ్వాడు, అందరితోపాటు, నా ముఖం చూడకుండా. నేను మోకాళ్ళ మీద కూర్చుని మంచం బోల్టులు బిగించడం మొదలుపెట్టాను.